అత్త చావుపాట

అత్త చావుపాటను ఇరవై లక్షలమంది చూశారని నా మొగుడు గంగాధర వచ్చి చెప్పినప్పుడు, ఆ అత్త నా పక్కనే కూర్చుని కండెలు చుడుతోంది. ఆమె రాట్నం ఆగలేదు. నాదే ఆగింది, పోగు తెగింది. తెగిన కొసలు వెతికి, మెలిపెట్టి అతికేలోపు ఆయన ఇరవై లక్షల మాట మూడుసార్లు చెప్పాడు. మూడోసారి వాళ్ళమ్మ వైపు తిరిగి, "మా, నువ్వు సచ్చింది బెంగుళూరులో గూడా సూస్తాండారు" అన్నాడు. ఆమె పోగు మీదనుంచి కళ్ళెత్తకుండా "అట్లనా" అంది.

ధర్మవరంలో మా ఇంట్లో ఒక మగ్గం ఉంది. గంగాధర నేస్తాడు. పట్టు పోగును కండెలకు చుట్టడం, ఒక చీర అయిపోయాక పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతకడం, ఆయన మగ్గం గుంటలో కాళ్ళు దించి కూర్చున్నాక కాఫీ, నీళ్ళు, అన్నం అక్కడికే అందించడం మా అత్త ఓబుళమ్మా నేనూ చేస్తాం. ఎవరైనా అడిగితే "ఇంట్లో పనిచేసేది నేనొక్కణ్ణే అన్నా" అంటాడు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత నవ్వు ఎక్కడికో పోయింది.

నవ్వు సంగతి చెప్పాలంటే మా పుట్టినూరు రొద్దం నుంచి మొదలుపెట్టాలి. అమ్మ కూలికి పోతే నన్ను పెంచింది మా అవ్వ హనుమక్క. చుట్టుపక్కల ఏ ఇంట్లో చావు జరిగినా అవ్వకు కబురొచ్చేది, ఆమెలా శోకాలు పెట్టి ఏడ్చేవాళ్ళు ఆ పక్క ఎవరూ లేరు కాబట్టి. నన్ను చంకనేసుకుని పోయేది. అందరిలా వాకిట్లోనే గొంతెత్తేది కాదు. ముందు శవం పక్కన కూర్చుని, గుడ్డ తొలగించి, చేతులు చూసేది. కొడవలి గాట్లు, రోకలి పట్టి కాసిన కాయలు, పొయ్యి మచ్చలు. అవి చూశాకే పాట. "చేతులు సూడకుండా పాడితే అది ఊరికే అరుపే అమ్మీ" అనేది నాతో. నాకు జోలపాటలకంటే ముందు ఆ రాగం వచ్చింది.

దాంతో వచ్చింది తంటా. బడిలో జెండా పండుగకు టీచరు పాడమంటే దేశభక్తి పాటను ఆ రాగంలోనే ఎత్తుకున్నాను. బడంతా పగలబడి నవ్వింది. హెడ్మాస్టరు నన్ను ఎండలో నిలబెట్టాడు. ఆ రోజునుంచి నా పేరు నీలావతి కాదు, శోకాల నీల. చిన్నాన్న కూతురి పెండ్లిలో ఆడపిల్లలందరూ పెండ్లికూతురి చుట్టూ చేరి పాడుతుంటే నన్ను వంటశాల దగ్గర ఉల్లిగడ్డలు కొయ్యమని కూర్చోబెట్టారు. నేను గొంతెత్తితే ఇంట్లోకి చావు వస్తుందని మా నాయనే అన్నాడు. నన్ను చూసుకోవడానికి గంగాధర వాళ్ళు వచ్చినప్పుడు "పిల్ల నోట్లో మాటే ల్యా" అని ఆ నాయనే గొప్పగా చెప్పాడు. ఆ మాట నిలబెట్టడానికి తొమ్మిదేండ్లు ఈ ఇంట్లో నోరు మూసుకున్నాను. ఒంట్లో మాత్రం కుదురు ఉండేది కాదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు.

రెండేండ్ల కింద ఒక రోజు కొబ్బరి చట్నీ సగం నలిగాక మిక్సీ కాలిపోయింది. చుట్టాలు భోజనానికి కూర్చున్నారు. గంగాధర లోపలికొచ్చి వాళ్ళందరికీ వినపడేలా "ఒక మిక్సీ సూసుకునేది గూడా తెలీదు" అన్నాడు. నేను మిక్సీ ముందు కూలబడ్డాను. ఏమైందో తెలీదు, గొంతు దానంతటదే లేచింది.

"ఓ నా మిక్సీ తల్లే, సగం కొబ్బరి కడుపులో పెట్టుకోని పోతివే, గ్యారంటీ కార్డు యాడుండాదో సెప్పకనే పోతివే, చేసే పని నడిమధ్యన ఇడ్సిపెట్టే ధైర్యం నీకెట్ల వచ్చెనే తల్లే, నాకు ఇంగా రాకపాయనే..."

పక్కింటి భాగ్య కుట్టుమిషన్ మీదనుంచి లేచొచ్చి అదంతా ఫోన్‌లో తీసి నెట్‌లో పెట్టింది. వారం తిరిగేసరికి ఆటోవాళ్ళు కూడా ఆ రాగం తీస్తున్నారు. చిన్నప్పుడు నన్ను వెలేయించిన రాగం అది. ఇప్పుడు ఎవరెవరో నా పేరు పెట్టి పిలిచి, ఇంకొకటి పాడమని అడుగుతున్నారు. ఆ వారం నేను అన్నం సరిగ్గా తినలేదు. సంతోషంతోనే తినలేదు.

అయితే పాట వెనకే గంగాధర వచ్చాడు. కొత్త ఫోన్ తెచ్చాడు. చానల్‌కు పేరు పెట్టాడు. లాక్ నంబరు తనకే తెలుసు. "నువ్వు పాడు సాలు, మిగతాది నేను సూసుకుంటా" అన్నాడు. గ్యాస్ బండకు శోకం, కరెంటు బిల్లుకు శోకం, తెగిన చెప్పుకు శోకం. కండెలు చుట్టి, వండి, అంట్లు తోమి, ఆయన ఎప్పుడు రమ్మంటే అప్పుడు మొహం కడుక్కుని ఫోన్ ముందు కూర్చునేదాన్ని. ఇంటికొచ్చినవాళ్ళతో మాత్రం "ఊరికే ఉన్నప్పుడు ఏందో పాడ్తాంటాది లే" అనేవాడు. నేను ఊరికే ఎప్పుడున్నానో నాకైతే గుర్తులేదు.

అత్త చావు ఆయన ఆలోచనే. అత్తను తిడితే జనం బాగా చూస్తారట. "ఇంగ నా చారులో ఉప్పు సాల్లేదనేదెవురే అత్తా, సీరియల్ టైముకు రిమోటు దాచేదెవురే, నా మీద చాడీలు పక్కింటికి మోసేదెవురే" అని పాడాను. మా అత్తకు సీరియల్ చూసే తీరిక ఎక్కడిది. చాడీలు చెప్పే నోరూ కాదు ఆమెది. ఆ మాటలు ఎక్కడెక్కడో విన్న జోకులు, నా అత్తవి కావు. నేను పాడుతుంటే ఆమె గోడ అవతల రాట్నం తిప్పుతూ ఉంది. ఆ చప్పుడు వీడియోలో పడుతోందని గంగాధర కాసేపు ఆపమన్నాడు. ఆపింది.

ఇరవై లక్షల కబురు చెప్పి గంగాధర బయటికెళ్ళాక కూడా అత్త రాట్నం తిప్పుతూనే ఉంది. కండె నిండింది, తీసి బుట్టలో వేసింది. అప్పుడంది.

"బాగనే పాడినావు అమ్మీ. నేను చేసిన పని మాత్రం అందులో ఒక్కటన్నా ల్యాకపాయనే."

కోపంగా అనుంటే ఏదో ఒకటి సర్దిచెప్పేదాన్ని. మామూలుగా, కూరలో ఉప్పు లేదన్నట్టు అంది. మామ పోయినప్పటి సంగతి ఆమే ఎత్తింది. "మూడువేల చీరలు నేసినోడా అని అందరూ ఏడ్సిరి. ఆ చీరలకు పోగు చుట్టినదాన్ని ఆ మూలనే కూచోనుంటి. నా పక్క ఎవురూ సూడల్యా. నువ్వు ఏడ్సేదాని మనవరాలివి గదా, నాకు నువ్వన్నా పాడతావులే అనుకుంటి."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. హనుమక్క మనవరాలిని, చేతులు చూడకుండా పాడాను. అదీ బతికున్న మనిషికి.

ఆ వారమే హిందూపురంలో చీరల దుకాణం ప్రారంభానికి మమ్మల్ని పిలిచారు. దుకాణం యజమాని బసవరాజు ఫోన్ చేసి, అత్త సావే కావాలప్పా అని గంగాధరకు గట్టిగా చెప్పాడట. నేను పాడనన్నాను. ఫ్లెక్సీలు కూడా వేశారన్నాడు గంగాధర. "మా అమ్మకే బాధ ల్యా, నీకేమొచ్చె?" అన్నాడు. ఒప్పుకున్న మాట పోతే ఇంకెవరూ పిలవరన్నాడు. అదే నా భయమూను. మళ్ళీ ఉల్లిగడ్డల దగ్గరికి పంపిస్తారేమో. నాలుగు రోజులు ఇంట్లో తిరిగిన చోటే తిరిగాను, చుట్టిన ప్రతి కండెలోనూ పోగు తెంపాను. ఒక మధ్యాహ్నం అత్త ముందు కూర్చుని "అత్తా, చేతులు సూపీ" అన్నాను. ఎందుకని అడగకుండా చాపింది. కుడి చూపుడువేలి మీద యాభై ఏండ్లు పట్టు పోగు జారి జారి పడిన గాడి, నా గోరు ఇమిడేంత లోతుగా ఉంది. ఆ సాయంత్రమే గంగాధరతో హిందూపురం వస్తానన్నాను.

బయల్దేరే రోజు అత్త నూలు చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. నువ్వెందుకు మా అన్నాడు గంగాధర.

"నా సావుకు నేను రాకుంటే ఎట్లరా?" అంది.

హిందూపురంలో ఫ్లెక్సీ మీద నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని గంగాధర పెద్దగా ఉన్నాడు. పక్కన నేను, కింద "గంగాధర గారి శ్రీమతి". దుకాణం ముందు రోడ్డు నిండా జనం. అత్తను ముందు వరసలో కుర్చీలో కూర్చోబెట్టి మైకు తీసుకున్నాను. నేను గొంతు సవరించుకోగానే నవ్వడం మొదలుపెట్టారు. బసవరాజు సైగ చేశాడు. గంగాధర ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు.

"ఓ నా ఓబుళమ్మత్తే" అని ఎత్తుకున్నాను. "ఊరోళ్ళ పెండ్లిండ్లకు పట్టు సుట్టి, నీ పెండ్లికి నూలుచీర కట్టితివే. మొగునికి మగ్గంలోకి కాఫీ ఇస్తివే, కొడుక్కి మగ్గంలోకి కాఫీ ఇస్తివే, నీ కాఫీ సల్లారిపాయనే తల్లే. మూడువేల చీరలకు పోగు సుడితివే, నేసినోని పేరే సెప్పిరే, సుట్టినదాని పేరు ఏ అంచుకన్నా ఉండాదేమో సూడండే..."

నవ్వులు తగ్గాయి. ఎవరో ఈలవేసి ఊరుకున్నారు. బసవరాజు గంగాధర చెవిలో ఏదో అంటున్నాడు. మైకు తీసేస్తారని అర్థమైంది, అయినా ఆపలేదు. అంతలో ముందు వరసలోంచి అత్త లేచింది.

"పోగులు అతికింది మర్సిపోతివే అమ్మీ" అంది గట్టిగా. "కండ్లు పోయేటట్ల అతికినా. అది గూడా ఏడువు."

జనం ఒక్కసారిగా గొల్లున నవ్వారు. ఆ నవ్వు వేరే. ఆ నవ్వులో మా అత్త కూడా ఉంది. పోగులు అతికింది చేర్చి పాడాను. బిందెలతో నీళ్ళు మోసింది మరిచానంది, అదీ చేర్చాను. వెనకనుంచి ఒకామె చెయ్యెత్తి, "ఆ పట్టుపురుగులకు ఆకు కోసి వేసింది మేము, మమ్మల్నీ చేర్చమ్మే" అంది. చేర్చాను. కుర్చీల్లోంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే తమ పని చెబుతుంటే నాకు ఊపిరి తీసుకునే సందు దొరకలేదు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నాకు తెలీలేదు, నేనైతే రెండూ చేశాను.

తిరుగు రైల్లో గంగాధర మా ఎదురుగా కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. అడిగిందొకటి, పాడిందొకటి, ఇంక బసవరాజు పిలవడులే అన్నాడు. పిలవకపోవచ్చు అనుకున్నాను. కిటికీలోంచి పెనుకొండ కొండ కనిపిస్తోంది. ఎండ ఇంకా పోలేదు. అత్త నా కుడిచెయ్యి లాక్కుని తన ఒళ్ళో పెట్టుకుని తిప్పి చూసింది. చూపుడువేలి మీద వేలు పెట్టి తడిమింది.

"నీకూ పడిందే" అంది. వేలు తియ్యకుండానే, "మరి నీది ఎవురు పాడతారే?" అంది.

నేను వంగి ఆ వేలిని చూసుకున్నాను.

"నేనే పాడల్లంటే ఇప్పుడే మొదలుపెట్టల్ల. శానా ఉండాది" అని అత్త నా వేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తూ నా పనులు చెప్పుకుపోయింది. రాట్నం, పొయ్యి, పోగులు అతకడం, తన మోకాళ్ళకు నూనె రాయడం. చిటికెనవేలి దగ్గర ఆగింది. "ఇంతమందిని నవ్విచ్చినావు. అది గూడా పనే గదా?"

నేను పుట్టాక దాన్ని పని అన్నవాళ్ళు ఎవరూ లేరు. గంగాధర ఫోన్‌లోంచి తలెత్తి చూశాడు. అత్త ఒళ్ళోంచి చెయ్యి తీసి ఆయన ముందుకు చాపాను.

"ఫోను ఇయ్యి. లాక్ నంబరు గూడా సెప్పు."

"ఏంటికి?"

"అత్త పాడతాది. నేను తీస్తా."

ఆయన ఫోన్ గుప్పిట్లో పట్టుకుని నన్నూ వాళ్ళమ్మనూ మార్చి మార్చి చూశాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నా పక్కన అత్త అప్పటికే గొంతు సవరించుకుంటోంది.