ఏడో బావికి మందు

పొద్దున్న ఏడయ్యేసరికి తాతారావు టీ గ్లాసూ ఫోనూ పట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. ఎదురుగా కొబ్బరిచెట్లు, వాటి వెనక జీడితోట, ఆ వెనక సముద్రం హోరు. అవేవీ ఆయన చెవికెక్కేవి కావు.

ఏడూ అయిదుకి ఫోను మోగేది.

"గురువుగారూ, నమస్కారమండి. ఏడో బావి ప్రెషరు నిన్నటికంటే కాస్త తగ్గిందండి. ఏం చెయ్యమంటారు?"

"మందు ఇంకో రెండు గీతలు పెంచు. రేపు సూసి సెప్పు."

అంతే, రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు తీసేస్తే రోజు మొత్తం మీద తాతారావుతో మాట్లాడే మనిషి లేడు. భార్య కాంతం పోయి మూడేళ్లయింది. పిల్లల్లేరు. ముప్పై ఏళ్లు గోదావరి వైపు గ్యాసు బావుల మీద పనిచేసి, రిటైరై సోంపేట పక్కనున్న సొంతూరికి వస్తే, ఊళ్లో సగంమందికి ఆయనెవరో తెలియదు. పక్కింటి రత్నాలమ్మ ఒక్కతే అప్పుడప్పుడూ గోడ మీంచి "ఏటి బావా, తిన్నావా?" అని అడిగేది. జవాబు వినకుండానే తన పనిలో పడిపోయేది.

ఫోను చేసే హేమంత్ ఆయన స్థానంలో వచ్చినవాడు. నలభై ఏళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. కాంట్రాక్టు ఉద్యోగం కాబట్టి భయం ఎక్కువ.

గ్యాసు బావిలోంచి గ్యాసొక్కటే రాదు, ఉప్పునీళ్లూ వస్తాయి. పైకొచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి, ఆ నీళ్లలోని సున్నం గొట్టం గోడలకి పట్టుకుంటుంది. నీళ్లు కాచే గిన్నెకి పట్టే తెల్లటి పెచ్చు లాంటిదే. ఊరుకుంటే గొట్టం సన్నబడి సన్నబడి చివరికి బావే మూసుకుపోతుంది. అలా పట్టకుండా ఒక చిన్న పంపు చుక్కలు చుక్కలుగా మందు లోపలికి పంపుతుంటుంది. ఎంత పంపాలో పంపు మీది గీతలతో సరిచూసుకోవడమే అసలు విద్య. అందులో ఏడో బావి మరీ పెంకిది. ఆపి మళ్లీ తెరిచారంటే మొదటి మూడు రోజులూ నీళ్లు విపరీతంగా వస్తాయి, మందు రెండింతలు వెయ్యాలి. స్పానరుతో గొట్టం మీద కొడితే ఖంగుమనాలి. మొద్దుగా పలికిందంటే లోపల పెచ్చు మొదలైనట్టే. పదేళ్లు దాని పక్కన కూర్చుని తాతారావు తెలుసుకున్న సంగతులివి. ఏ పుస్తకంలోనూ లేవు.

పని అప్పగించేటప్పుడు రాసే పుస్తకంలోనూ లేవు. ఆయన రాయలేదు.

మర్చిపోయి కాదు. ఆఖరి రోజున పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. ఇదంతా రాసేస్తే రేపట్నుంచి నన్నెవడు అడుగుతాడు అనిపించింది. "డౌటొత్తే ఫోన్ సెయ్యి" అని హేమంత్‌తో చెప్పి పుస్తకం మూసేశాడు. సిగ్గుపడాల్సిన పనే. కానీ ఏడాదిపాటు రోజూ ఠంచనుగా ఫోను మోగుతుంటే సిగ్గెక్కడ గుర్తుంటుంది? రెండు గీతలు పెంచమనేవాడు, ఎందుకో చెప్పేవాడు కాదు. చెబితే రేపటి ఫోను ఉండదు.

అక్టోబరులో తుఫాను వచ్చింది. కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడ్డాయి. కరెంటు పోయింది, టవరు పోయింది. పది రోజులూ తాతారావు జనరేటరు ఉన్నచోట ఫోను ఛార్జింగు పెట్టించుకుని మరీ ఏడింటికి అరుగు మీద కూర్చుంటూనే ఉన్నాడు.

"టవరే నేదు గదా బావా, ఆ ఫోనెట్టుకుని ఏటి సేత్తన్నావు?" అంది రత్నాలమ్మ, విరిగిన మట్టలు ఈడ్చుకుపోతూ.

పదకొండో రోజున టవరు బాగయింది, మధ్యాహ్నం ఫోను మోగింది. ఎంత సంతోషమో, ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు.

"గురువుగారూ, ఏడో బావి మూసుకుపోయిందండి." అన్నాడు హేమంత్. "గాలివానని రెండ్రోజులు ఆపించి మళ్లీ తెరిపించారండి. మీకు ఎన్నిసార్లు చేశానో, కలవలేదండి. రోజూ వేసే మందే వేశాను. వారం తిరక్కుండా గ్యాసు సగానికి పడిపోయి, నిన్నటికి ఆగిపోయిందండి. నా నిర్లక్ష్యమేనంటున్నారు. సోమవారం నుంచి పనిలోకి రావద్దంటారేమోనండి."

తాతారావు అరుగు మీద కూలబడ్డాడు.

"నీ తప్పు కాదు," అన్నాడు. "ఇను. గొట్టంలోకి డ్రిల్లు దించొద్దని సెప్పు. అది కొత్త సున్నం, యాసిడ్ పంపి నానబెడితే కరిగిపోద్ది. మిగతాది నేను రాసి పంపుతాను."

ఆ వెంటనే బయల్దేరాడు. రోడ్డుకి అడ్డంగా పడ్డ చెట్లు దాటుకుంటూ సోంపేట దాకా నడిచి, బస్సెక్కి కాశీబుగ్గ చేరాడు. అక్కడొక జిరాక్సు కొట్టు జనరేటరు మీద నడుస్తోంది. పదేళ్లుగా జేబులో దాచుకున్న చిన్న డైరీలో ఏడో బావికి సంబంధించిన పేజీలన్నీ స్కాన్ చేయించాడు. పైన ఒక కాగితం మీద రాశాడు: "ఈ సంగతులు నాకు తెలిసీ అప్పగింత పుస్తకంలో కావాలనే రాయలేదు. తప్పు నాది. హేమంత్‌ది కాదు." ఎందుకు రాయలేదో కూడా రాద్దామనుకున్నాడు. అరవయ్యేళ్లు దాటినవాడు అలాంటి మాట ఆఫీసుకెలా రాస్తాడు? అంతటితో సంతకం పెట్టేసి, ఆఫీసుకొకటి, హేమంత్‌కొకటి పంపించాడు.

తర్వాత పొద్దున్నలు ఒకటొకటిగా గడిచాయి. ఫోను రాలేదు. నాలుగో రోజున మెసేజ్ వచ్చింది.

"యాసిడ్‌తో బావి తెరుచుకుందండి. నా ఉద్యోగం నిలబడింది. మీ డైరీ పేజీలు పంపు పక్కన గోడకి అంటించాం. అందులో అన్నీ ఉన్నాయి. ఇక మీకు ఫోన్ చేసి ఇబ్బంది పెట్టమండి."

అది కోపమో మర్యాదో తాతారావుకి తెలియలేదు. నాలుగుసార్లు చదివాడు. బావి తెరుచుకున్నందుకు నిజంగానే సంతోషం కలిగింది. ఆ తర్వాత కాంతం పోయిన రోజున వచ్చినంత ఏడుపొచ్చింది.

మర్నాడు ఏడింటికి అలవాటు కొద్దీ టీ గ్లాసుతో అరుగు మీదికొచ్చాడు. ఫోను లోపలే వదిలేశాడు. ఏడూ అయిదు దాటింది.

"ఏటి బావా, తిన్నావా?" గోడ మీంచి రత్నాలమ్మ గొంతు.

తాతారావు గ్లాసు కింద పెట్టి గబగబా గోడ దగ్గరికి నడిచాడు.

"నేదు రత్నాలూ, తిన్నేదు," అన్నాడు గట్టిగా.

అప్పటికే ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ బయటికొస్తుందేమోనని తాతారావు గోడ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.