తల్లి పోసిందనుకున్న జ్వరం

మైసమ్మ వీపు నిండా ఎర్రటి పొక్కులు చూడగానే రాజమౌళి హడలిపోయాడు. పెళ్ళాం ఒళ్లు కాలిపోతోంది. పక్కింటి బీరమ్మ వచ్చి చూసి, ఇది అమ్మవారే, తల్లి పోసిందని తేల్చేసింది. ఆమె తేల్చాక ముడిమ్యాల ఊళ్లో ఇంకెవరూ మళ్లీ చూడరు. గుమ్మానికి వేపమండలు కట్టారు. వంటింట్లో తాలింపులు ఆగిపోయాయి. సూది మాట ఎత్తకూడదు, తల్లిని రోగమని నోరు జారి అననేకూడదు.

కానీ రాజమౌళికి ఉన్న భయం ఒకటి కాదు. మైసమ్మకు ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. గచ్చిబౌలిలో ఒక దవాఖానలో కొత్త మందు పరీక్షిస్తున్నారంటే తీసుకెళ్లి చేర్పించాడు. కంటికి కనిపించనంత చిన్న రేణువుల్లో మందు నింపి నరానికి ఎక్కించారు. అవి ఒంట్లో నిద్రపోతున్న కాపలా కణాలను లేపి, క్యాన్సర్ మీదికి ఉసిగొల్పుతాయట. డాక్టరమ్మ ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పింది. ఒక్కోసారి ఆ కాపలా కణాలే రెచ్చిపోయి సొంత ఒంటిమీద పడతాయి. జ్వరమొచ్చినా, పొక్కులు లేచినా వెంటనే చెప్పాలి, తొందరగా వస్తే చల్లార్చగలం అంది.

ఆ మాట అతనికి గుర్తులేక కాదు. ఇది మందు పనో, తల్లి కోపమో తేల్చేదెవరు? తల్లిని కాదని సూది పొడిపిస్తే ఆమె ఊరుకుంటుందా?

ఆ పొద్దున్నే దవాఖాన నుంచి సుగుణమ్మ ఫోన్ చేసింది. మందు తీసుకున్నవాళ్ల బాగోగులు ఫోన్లో కనుక్కోవడం ఆమె పని. జ్వరముందా, ఒంటిమీద ఏమన్నా లేచాయా అని అడిగింది. రాజమౌళి వేపమండల వైపు చూశాడు.

“ఏం లేదమ్మా. మంచిగనే ఉన్నది,” అన్నాడు.

మర్నాటికి మైసమ్మకు ఊపిరి అందడం లేదు. మాట ముక్కలుగా వస్తోంది. అయినా మొగుడి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది.

“నాది మైసమ్మ తల్లి పేరే. నన్నేమనదు. నడువు, దవాఖానకు పోదాం.”

ఇంటికి కీడని బీరమ్మ అడ్డుపడినా వినకుండా ఆటో పిలిచాడు. మొయినాబాద్ దగ్గర ఫామ్‌హౌస్‌లకు వచ్చే సాఫ్ట్‌వేర్‌వాళ్ల కార్లు ఇరుకు రోడ్డు నిండా ఎదురుగా బారులు తీరాయి. ఆటో అంగుళం అంగుళం కదులుతుంటే, రాజమౌళి పెళ్ళాం ముక్కు దగ్గర చెయ్యి పెట్టి కూర్చున్నాడు. దేవుళ్ల పేర్లు కూడా నోటికి రాలేదు.

దవాఖానలో ఆమెను లోపలికి తోసుకుపోయారు. పొక్కులు ఎప్పుడు లేచాయని డాక్టరమ్మ అడిగితే చెప్పాడు. ఆమె తిట్టలేదు. నిన్ననే వచ్చుంటే బాగుండేదని, ఇప్పుడేమీ చెప్పలేనని లోపలికి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే కాస్త నయంగా ఉండేది.

జేబులో ఫోన్ మోగింది. సుగుణమ్మ. ఆమెకింకా ఏమీ తెలియదు. అదే గొంతు, అవే ప్రశ్నలు. రాజమౌళి గోడకు చేరగిలబడ్డాడు.

“జ్వరమున్నదమ్మా. ఒళ్లంత పొక్కులున్నయి. దమ్ము ఆడుతలేదు. నిన్ననే ఉండె, నేనే చెప్పలే.”

ఆమె కంగారుపడింది. వెంటనే తీసుకురమ్మని, ఇప్పుడెక్కడున్నారని అడిగింది.

“మీ దవాఖాన్లనే ఉన్న,” అన్నాడు. “లోపలికి తీస్కపోయి తలుపు మూసిండ్రు.”