ఎక్కడైనా పర్లేదు

మా ఇంట్లో హోటలుకు వెళ్దామన్న మాట వచ్చిందంటే గొడవకు ముహూర్తం పెట్టినట్టే. మా ఆయనకు పంటి కింద ఒక్క మిరియపు గింజ పడితే చాలు, రెండు గ్లాసుల నీళ్ళు కావాలి. నాకేమో ముక్కు కారకపోతే అసలు తిన్నట్టే ఉండదు. మా అమ్మాయి మమ్మల్ని ఉప్పూ నిప్పూ అంటుంది. నేనైతే ఆయన్ని మొహం మీదే చప్పిడాయన అనేదాన్ని.

ఆయన ప్రెస్సులో మిషన్ నడుపుతాడు, నాది బట్టలు కుట్టే కొట్టు. సెలవు రోజు సాయంత్రం వీధి మలుపులో నిలబడి వాదించుకునేవాళ్ళం. కుడివైపు నాకిష్టమైన కారాల హోటలు, ఎడమవైపు ఆయనకిష్టమైన చప్పిడిది. చివరికి ఎవరో ఒకరం మూతి ముడుచుకుని రెండోవాళ్ళ వెంట నడిచేవాళ్ళం. నా పళ్ళెంలోంచి ఒక్క ముద్ద తినండి అని పెళ్ళయినప్పటి నుంచీ బతిమాలాను. వింటేగా! చీరలూ నగలూ అడిగానా? కట్టుకున్నవాడితో ఒక్క రుచి పంచుకోవాలనుకున్నాను, అంతే.

మొన్నీమధ్య ఆయనకు జ్వరం వచ్చింది. పోతూ పోతూ నోటి రుచినీ పట్టుకుపోయింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఆ మాత్రం నేనూ చెప్పగలను.

అప్పటి నుంచి ఎక్కడికి వెళ్దామన్నా ఎక్కడైనా పర్లేదంటున్నాడు. నిన్న మలుపులో నేను కావాలనే కుడివైపు తిరిగాను. కిక్కురుమనకుండా నా వెనకే వచ్చాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉన్నవాటిలోకెల్లా కారమైనదే తెమ్మని సర్వరుకు చెప్పాను, అదీ ఇద్దరికీ ఒకటే పళ్ళెం. ఇంత కారానికైనా ఆ మొద్దు నాలుక ఉలిక్కిపడి లేవదా అని నా ఆశ.

ఎర్రటి కూరలోంచి ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. కళ్ళు చెమర్చాయి. నా గుండె ఎగిరి గంతేసింది.

"తెలిసిందా?" అన్నాను.

"మంట తెలుస్తోంది. రుచి తెలీడం లేదు."

నీళ్ళ గ్లాసు ముందుకు జరిపాను. ముట్టుకోలేదు. ముక్కు తుడుచుకుంటూ ఇంకో ముద్ద తిన్నాడు. ఎందుకండీ ఈ అవస్థ, ఆపేయండి అన్నాను. ఇన్నేళ్ళు నేను కోరుకున్నది కళ్ళ ముందు జరుగుతుంటే నాకు ముద్ద దిగడం లేదు. వాదించి ఎడమవైపు లాక్కెళ్ళే ఆ పాత మనిషి కోసం ప్రాణం కొట్టుకుపోయింది.

"ఇన్నాళ్ళూ తినమన్నావుగా, తింటున్నాను," అన్నాడు నెమ్మదిగా. "ఎలా ఉందో నువ్వు చెప్పు."

చెబుదామని నోరు తెరిచాను.

"మీకు అస్సలు నచ్చదు," అన్నాను చివరికి.

ఆయన తలూపాడు. నచ్చుతుందేమో చూద్దామన్నట్టు నా వైపు నుంచి ఇంకో ముద్ద తీసుకున్నాడు.