నేల మీద బుద్ధిగా ఉండే తీగ

"నీ విమానం ఎగిరేదెప్పుడో గానీ, నా చొక్కా ఇస్త్రీ అయ్యేదెప్పుడు?" అన్నాడు మా ఆయన, తువ్వాలు చుట్టుకుని తలుపు దగ్గర నిలబడి. ఇస్త్రీ పెట్టె నా చేతిలోనే ఉంది. పొయ్యి మీద కూర, బాత్రూమ్‌లో నానేసిన బట్టలు. "కరెంటు విమానమట! ఇంట్లో మిక్సీ చెడితే మాత్రం మెకానిక్కు రావాలి," హాల్లోంచి అందుకున్నారు అత్తగారు. తల్లీకొడుకులు నవ్వుకున్నారు. పొద్దున్నే ఎవరితో వాదిస్తాం? చొక్కా అందించి బయటపడ్డాను.

మా ఆఫీసులో కరెంటుతో ఎగిరే విమానం తయారవుతోంది. దాని బ్యాటరీల నుంచి మోటార్లకి కరెంటు మోసే తీగలు చూడటం నా పని. నేల మీద బుద్ధిగా ఉండే తీగ ఆకాశంలోకి వెళ్ళేసరికి మారిపోతుంది. పైన గాలి పలచన. అంత వోల్టేజీని ఆపలేదు, నిప్పురవ్వలు దూకుతాయి. పైతొడుగు మందంగా వేద్దామని నెలల తరబడి మొత్తుకుంటున్నాను. "బరువు పెరుగుతుందమ్మా. మీ ఆడవాళ్ళకి అన్నిటికీ భయమే," అంటాడు మేనేజరు. ఇంట్లో బద్ధకస్తురాలిని, ఇక్కడ పిరికిదాన్ని. ఏ గుమ్మం దాటినా నాకో పేరు పెట్టడానికి ఎవరో ఒకరు సిద్ధం.

ఆ రోజు పరీక్ష చూడటానికి, విమానం నడపబోయే పైలట్ వచ్చింది. నెరిసిన జుట్టు, తక్కువ మాటలు. "మీ జూనియర్ వివరిస్తాడులే. మీరు కాస్త కాఫీల సంగతి చూడండి," అన్నాడు మేనేజరు నాతో. తీగను ఇనుప ట్యాంకులో పెట్టి, ఆకాశంలో ఉన్నంత పలచన అయ్యేదాకా గాలి తోడేశారు. నేను ట్రేతో తిరిగొచ్చేసరికి ట్యాంకు అద్దంలో ఊదారంగు వెలుగు. టప్పుమని చప్పుడు. మీటర్లన్నీ చచ్చాయి.

"కనెక్షన్ వదులై ఉంటుంది. అంతేగా?" అన్నాడు మేనేజరు.

"దీన్ని వచ్చే నెల నేను పైకి తీసుకెళ్ళాలి. ఎందుకు కాలిందో తెలిసినవాళ్ళు లేరా ఇక్కడ?" అంది పైలట్.

నోరెత్తొద్దని మేనేజరు నాకు కళ్ళతోనే చెప్పాడు. ఆ సైగకి ఏనాడో అలవాటు పడ్డ నోరు నాది. కానీ ప్రాణం ఆవిడది.

ట్రే తీసుకెళ్ళి మేనేజరు చేతుల్లో పెట్టాను. "నాకు తెలుసండీ. వదులు కాదు. ఇదే తొడుగుతో లేపితే పైన మళ్ళీ కాలుతుంది."

పైలట్ కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. తొడుగు మార్చేదాకా విమానం ఎక్కనని అక్కడే తేల్చేసింది. కొత్త తొడుగు గురించి నేను చెబుతుండగానే పొద్దుపోయింది. ఫోన్ మోగింది. మా ఆయన.

"నేనొచ్చి గంటైంది. అమ్మకి ఆకలిగా ఉందట. ఎప్పుడొస్తావ్?"

"ఆవిడ కొడుకు ఇంట్లోనే ఉన్నాడుగా," అన్నాను.