జోల పాడిన నాన్న

ఆ వారంలో చేయవలసిన పనులు ఇవి. అంత్యక్రియలకు అద్దెకు తెచ్చిన కుర్చీలు, టీ కప్పులు తిరిగి అప్పజెప్పాలి. రోజూ మధ్యాహ్నం నాన్న పటం ముందు అన్నం గిన్నె, చేపల కూర, చాప్‌స్టిక్స్ పెట్టాలి. అమ్మ మరిచిపోతే నేను పెట్టాలి. బాజా వాళ్లకు, మఠంలో గురువుగారికి, గోరీ కట్టిన మేస్త్రీకి పేరుపేరునా మంచిమాట చెప్పి రావాలి. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి. గుర్తింపు కార్డు ఎక్కడుందో వెతకాలి. కోచింగ్ సెంటరులో విన్ సార్ ఇచ్చిన జవాబులు మళ్లీ బట్టీ పట్టాలి. శనివారం పొద్దున కాంతో పట్నానికి వెళ్లి ఇంగ్లీషులో మాట్లాడాలి.

ఆ చివరి పని మీదే తక్కినదంతా ఆధారపడి ఉంది. యూనివర్సిటీలో నా చదువు పూర్తయి ఏడాది దాటినా పట్టా చేతికి రాలేదు. ఇంగ్లీషు మాట్లాడే పరీక్షలో వాళ్లు అడిగినన్ని మార్కులు తెచ్చుకుంటే తప్ప మా దగ్గర పట్టా ఇవ్వరు. నేను ఒకసారి వెళ్లి తప్పాను. చేపలు ఎగుమతి చేసే కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగం నాకోసం ఆపి ఉంచారు కాని, నెలాఖరు దాకానే. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినదాన్ని నేనొక్కదాన్నే. అందువల్ల నేను తప్పితే ఇల్లంతా తప్పినట్టే.

నాన్న పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు. మర్నాడూ రాలేదు. ఏదో అడ్డం పడి ఆగిందని కూడా చెప్పలేను, లోపల ఏమీ కదలలేదు. వచ్చినవాళ్లకు టీ పోశాను, పుచ్చగింజల పళ్లేలు నింపాను, ఎవరి చెప్పులు ఎక్కడున్నాయో చూపించాను. మా మేనత్త శవపెట్టె పక్కన కూర్చుని ఏడుస్తూనే నన్ను ఓ కంట కనిపెట్టింది. పక్కావిడతో నాకు వినపడేట్టే అంది, "చదువుకున్న కళ్లు కదమ్మా. అంత తొందరగా తడవవు."

అన్నయ్య లామ్ ఆ మాట విన్నాడు. నన్ను వంటింటి వెనక్కి పిలిచి, నామ్ పిన్ని చేత నా పేరున ఒకటి పాడిద్దామన్నాడు. నేను సరేనన్నాను. ఆ పూట ఎవరేమన్నా సరేననే అంటున్నాను.

నామ్ పిన్ని మాకు చుట్టం కాదు. నామ్ అంటే అయిదు. వాళ్లింట్లో పిల్లల వరసలో ఆమెది ఆ అంకె, అందుకని ఊరంతా దానితోనే పిలుస్తారు. బాజా వాళ్లతో కలిసి చావు ఇళ్లకు వచ్చి ఏడుపు పాటలు పాడుతుంది. దూరాన ఉండి రాలేకపోయిన కొడుకు తరఫున, గొంతు పెగలని కోడలి తరఫున, ఎవరి తరఫున అడిగితే వాళ్ల పేరు కలిపి పాడుతుంది. అలా పాడించుకోవడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. గొంతు ఉన్నవాళ్లు గొంతు లేనివాళ్లకు సాయపడటం, అంతే. నామ్ పిన్ని టీ తాగి, మైకు సరిచేసుకుని, తలకు తెల్ల గుడ్డ చుట్టుకుంది. బాజా వాళ్లలో గిటారు అతను తీగ మీటాడు. ఆమె మోకాళ్ల మీద పెట్టె దాకా పాకుతూ పాట ఎత్తుకుంది.

"ఊయల తాడు పట్టి జోల పాడిన నాన్నా,
నీటిలో వెన్నెల చూపి నిదరపుచ్చిన నాన్నా,
ఏ రేవున దిగిపోయావు, నీ దియెమ్‌ను ఏ గట్టున వదిలేశావు."

దియెమ్ అంటే నేనే. ఇల్లంతా గొల్లుమంది. మేనత్త లేచొచ్చి నన్ను వాటేసుకుంది. గోడవారన నిలబడ్డ మగవాళ్లు సిగరెట్లు పారేసి ముక్కులు తుడుచుకున్నారు. నా చేతిలో టీ కెటిల్ ఉంది. అది ఒలకకుండా పట్టుకోవడం మీదే ఉంది నా ధ్యాసంతా.

నాన్న జోల పాడటం ఎన్నడూ జరగలేదు. ఆయన రేవు దాటించే బల్లకట్టు మీద, ఇంజను పక్కన బతికినవాడు. నేను పుట్టేనాటికే ఆయనకు చెవులు పోయాయి. మాట కూడా చేతులతోనే ఎక్కువ. నా ఊయల ఊపింది అమ్మమ్మ. ఇది ఊళ్లో అందరికీ తెలుసు. అయినా అందరూ ఏడ్చారు.

గురువారం కోచింగ్‌కు వెళ్లాను. విన్ సార్ సెంటరు కాంతో ఊరి చివర, మోటారు సైకిళ్లు బాగుచేసే షాపు మీద ఉంటుంది. కింద హారన్లు మోగుతుంటాయి, పైన మేం ఇంగ్లీషు వల్లిస్తుంటాం. పరీక్షలో ఏ విషయాలు రావచ్చో సార్ ముందే ఆరా తీస్తాడు. ఈసారి సంగీతం, దానివల్ల మన మూడ్ ఎలా మారుతుంది అన్న విషయం వస్తాయని తేల్చాడు. మీకు ఎవరినైనా గుర్తుచేసే పాట గురించి చెప్పండి అని అడుగుతారట. ఆయన తయారుచేసిన జవాబులో ఒక ప్రాణస్నేహితుడు ఉంటాడు. అతను పుట్టినరోజున గిటారు వాయిస్తాడు, ఆ పాట వింటే దిగులంతా ఎగిరిపోతుంది. క్లాసులో ఉన్న అందరికీ అదే స్నేహితుడు, అదే గిటారు.

నా జేబు మీద పిన్నుతో గుచ్చిన నల్లగుడ్డ ముక్కను సార్ చూశాడు. తండ్రి పోతే మేం అది పెట్టుకుంటాం. శనివారం మాత్రం తీసి వెళ్లమ్మా అన్నాడు. పరీక్ష చేసేవాళ్ల మూడ్ మన వల్ల పాడవకూడదట. పక్కనున్న హన్ ఊరుకోలేదు. హన్ నాలాగే పట్టా కోసం తిరుగుతున్న పిల్ల, నోరు మాత్రం ఆగదు.

"తియ్యకే, పిచ్చిదానా. దానికి అర మార్కైనా కలుపుతారు."

"హన్, నువ్వు నోరు మూసుకుంటే నీకు ఒక మార్కు నేను కలుపుతా," అన్నాడు సార్.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అందరితోపాటు పెదవులు వాటంతట అవి కదిలాయి. తరవాత సార్ నాతో విడిగా చెప్పాడు. ఏది అడిగినా లేదు, తెలియదు, కాదు అనే మాటలతో మొదలుపెట్టవద్దన్నాడు. ముఖంలో ఏదో ఒకటి కనిపించాలన్నాడు. "పోయినసారి నువ్వు తప్పింది భాష వల్ల కాదమ్మా. గోడ మీద నోటీసు చదివినట్టు మాట్లాడావు."

శనివారం నల్లగుడ్డ తీసి సంచిలో పెట్టుకున్నాను. పరీక్ష గదుల బయట వరండాలో విన్ సార్ శిష్యులం ఒకే వరుసలో కూర్చున్నాం, అందరి పెదవులూ ఆడుతున్నాయి. నాకంటే ముందు నలుగురైదుగురు లోపలికి వెళ్లివచ్చారు. హన్ బయటికి వస్తూ బొటనవేలు ఎత్తి చూపి, గిటారే వచ్చిందని చెవిలో ఊది వెళ్లిపోయింది.

గదిలో ఒక పెద్దావిడ, తెల్లజుట్టు, మెడలో కళ్లద్దాల తాడు. బల్ల మీద రికార్డు చేసే యంత్రం. పేరు, ఊరు, ఏం చదివానో అడిగింది. అన్నీ చెప్పాను. ఆ తరవాత ఒక కార్డు నా వైపు జరిపింది. ఎవరినైనా గుర్తుచేసే పాట. ఆలోచించుకోవడానికి కాగితం, పెన్సిలు ఇచ్చింది. కాగితం మీద నేనేమీ రాయలేదు. మొదలుపెట్టమంది. నాకో ప్రాణస్నేహితుడు ఉన్నాడు అన్నాను. అతనికి గిటారంటే ఇష్టం అన్నాను.

ఆవిడ చెయ్యి కొంచెం ఎత్తింది. కోపంగా కాదు, అలిసిపోయినట్టు.

"ఆ గిటారు అబ్బాయిని పొద్దుటినుంచీ వింటూనే ఉన్నానమ్మా. మీదే ఏదైనా చెప్పండి."

నాది అంటూ ఏమీ తట్టలేదు. లోపలికి చూసుకుంటే కడిగి బోర్లించిన కప్పుల్లా ఉంది. యంత్రం మీద ఎర్రదీపం వెలుగుతోంది, ఊరుకున్న కొద్దీ మార్కులు పోతాయని తెలుసు. కంపెనీలో ఖాళీ కుర్చీ తెలుసు. అన్నయ్య సముద్రం మీదికి వెళ్లే పని ఆ రోజుకు మానుకుని నన్ను ఇక్కడిదాకా బండి మీద దించిన సంగతి తెలుసు. నోరు తెరిచాను. నామ్ పిన్ని పాట బయటికి వచ్చింది.

మా నాన్న నాకు జోల పాడేవాడు అన్నాను. ఊయల తాడు పట్టుకుని పాడేవాడు. మా ఇల్లు నది ఒడ్డున. నీళ్లలో వెన్నెల చూపించి నిదరపుచ్చేవాడు. పాట రేవు గురించి, పడవ దిగి వెళ్లిపోయే మనిషి గురించి. ఇంగ్లీషులో ఆ మాటలు ఒకదాని వెంట ఒకటి తడుముకోకుండా వచ్చాయి. మైకులో విన్న పాట కదా, ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు దించాలో కూడా పాటలోనే ఉంది. నామ్ పిన్ని ఆగినచోట ఆగాను. ఆవిడ రాయడం మాని నన్నే చూస్తోంది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"మీ నాన్నగారు ఇప్పటికీ పాడతారా?"

"పాడరండి."

"ఆ పాట గుర్తొచ్చినప్పుడు మీ మూడ్ మారుతుందా? దిగులో, సంతోషమో?"

విన్ సార్ వద్దన్న మాటే నోటికి వచ్చింది. "లేదండి. ఏమీ మారదు. విన్నవాళ్లకు మారుతుంది. నేను టీ పోస్తుంటాను."

ఆవిడకు అర్థమైందో లేదో తెలియదు. మనుషులు సంగీతం ఎందుకు వింటారు, షాపుల్లో పాటలు ఎందుకు వేస్తారు అని ఇంకొన్ని అడిగింది. వాటికి సార్ చెప్పినట్టే జవాబులిచ్చాను. బయటికి వచ్చాక అన్నయ్య ఎలా చేశావని అడగలేదు. ఐసు కాఫీ ఇప్పించాడు. తాగాను. తియ్యగా ఉందో చేదుగా ఉందో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

నెలాఖరుకు ముందే మార్కులు వచ్చాయి. అడిగినదానికంటే ఎక్కువే. హన్ తప్పింది. వరండాలో నా పక్కన కూర్చున్నవాళ్లలో చాలామంది తప్పారు. నేను పట్టా తెచ్చుకుని కంపెనీలో చూపించాను, కుర్చీ ఇచ్చారు. అన్నయ్య పట్టాకు అద్దం కట్టించి నాన్న పటం పక్కన పెట్టాడు. అమ్మ దానికీ అగరొత్తి చూపించి, నాన్న పటంతో చేతి సైగలతో ఏదో చెప్పింది. ఆమెకు అది అలవాటు.

నామ్ పిన్నికీ మంచిమాట చెప్పి రావాలి కదా అని ఒక ఆదివారం అరటిపళ్లు తీసుకుని వెళ్లాను. పెరట్లో మడుగు దగ్గర బాతులకు తవుడు కలుపుతోంది. జరిగిందంతా చెప్పాను. తన పాట అడక్కుండా వాడుకున్నానన్నాను. ఆవిడ తవుడు చేతులు దులుపుకుంటూ నవ్వింది.

"నా ఏడుపుకి ఇంగ్లీషులో మార్కులు పడ్డాయా? మా ఆయన బతికుంటే ఇది విని అన్నం మానేసేవాడు."

"కోపం లేదా, పిన్నీ?"

"కోపమెందుకే, తల్లీ. ఆ జోల పాడే నాన్న మీ నాన్న కాదని పాడేటప్పుడే నాకు తెలుసు. మీ నాన్న దోమ్ నాకు తెలియని మనిషా? వదులు చొక్కా కుట్టి పెట్టుకున్నాను, ఎవరికి తొడిగినా పడుతుంది. నీకూ పట్టింది." నా ముఖంలోకి చూసింది. "ఇంకా రాలేదా?"

ఏది అని అడగలేదు. రాలేదన్నాను.

"వస్తుంది. రాకపోయినా ఏం లేదు. నీ వంతు నేను ఏడ్చేశాను," అని బాతుల వైపు తిరిగింది.

కథ ఇక్కడితో అయిపోతే ఇదంతా రాయను. మార్కులు వచ్చిన సంగతి విన్ సార్‌కు తెలిసింది. లోపల ఏం చెప్పావో మాట పొల్లుపోకుండా రాసివ్వమని ఫోను చేశాడు. గిటారు అబ్బాయి పాతబడిపోయాడని, ఇంతమంది పిల్లల భవిష్యత్తు ఉందని అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నా దగ్గర ఫీజు తీసుకోకుండా రెండోసారి కూర్చోబెట్టిన మనిషి. రాసిచ్చాను. ఆయన వ్యాకరణం సరిచేసి, కాపీలు తీయించి, కొత్త బ్యాచికి పంచాడు. మొన్న హన్ ఫోను చేసింది, ఈసారి నెగ్గిందట. "మీ నాన్న నన్ను గట్టెక్కించాడే," అంది. వాళ్ల నాన్న బతికే ఉన్నాడు, బజార్లో ఐసు అమ్ముతాడు.

ఇప్పుడు కాంతోలో, బహుశా ఇంకా దూరంలో, ఎందరో పిల్లలకు వెన్నెల్లో జోల పాడిన నాన్న ఉన్నాడు. ఆ యంత్రాల్లో నా గొంతుతోనూ ఉన్నాడు. ఆయన వల్ల పట్టాలు వస్తున్నాయి, రానివ్వండి. కాని ఆ మనిషి మా నాన్న కాడు. మా నాన్న పేరు బూయ్ వాన్ దోమ్. బల్లకట్టు మీద తాడు కట్టే పని. ఏ పాటా వినలేదు, పాడలేదు. నిలబడి అన్నం తినేవాడు. నా చెప్పు తెగితే బల్లకట్టు తాడులోంచి పోగు లాగి కుట్టేవాడు, ఆ కుట్టు కాలికి గుచ్చుకునేది. నాకు ఇంకా ఏమీ రావడం లేదు కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను. ఎక్కడైనా ఆ జోల మీ చెవిన పడితే, పాడని ఈయన్ని ఒక్కసారి గుర్తుచేసుకోండి.