దాసానుదాసుడి సాష్టాంగం

చెప్పులు లేకపోవడం వేరు, చెప్పులు త్యజించడం వేరు. మొదటిది దారిద్ర్యం, రెండవది చరిత్ర. జనగామ బజారులో పప్పుధాన్యాల టోకు వ్యాపారి నర్సింగరావు అయ్యప్ప మాల వేసుకుని, దుకాణం గడప దగ్గర చెప్పులు విడిచిన క్షణాన లోకం ఊపిరి బిగబట్టి ఉండాలి. బిగబట్టిన దాఖలా మాత్రం లేదు.

మాలకు కారణం భక్తి కాదు. వర్తక సంఘం అధ్యక్ష పదవికి ఎన్నికలు దగ్గరపడ్డాయి. "గా మనిషికి పొగరెక్కువ" అన్న మాట బజారంతా తిరుగుతోంది. దాన్ని ఖండించడానికి ఆయన జనగామ, మానుకోట, భూపాలపల్లి పట్టణాల్లో ఫ్లెక్సీలు కట్టించాడు: "అయ్యప్ప దాసానుదాసుడు నర్సింగరావు." దాసుడంటే సేవకుడు. దాసానుదాసుడంటే సేవకులకు సేవకుడు. అంతకంటే కిందికి దిగడానికి మన భాషలో మెట్టు లేదు. ఆ అట్టడుగు మెట్టు మీద ఆయన రెండు నిలువుల ఎత్తున, చేతులు జోడించి నిలబడ్డాడు.

ఇక మిగిలింది పడిపూజ. వర్తకులందరినీ ఇంటికి పిలిచి, వారి కళ్లముందే గురుస్వామికి సాగిలపడితే వినయం రుజువవుతుంది. మాల వేసినవారికి పేర్లుండవు, అందరూ స్వాములే. అందువల్ల నర్సింగరావు ఫోనులో "మానుకోట గురుస్వామి"ని ఆహ్వానించాడే గాని, ఆయనెవరని అడగలేదు. పద్దెనిమిదేళ్లు శబరిమల ఎక్కినవాడైతే చాలుననుకున్నాడు.

సాయంత్రం వచ్చిన గురుస్వామి జైసింగ్. మానుకోట దగ్గరి తండావాడు. నిరుడు ఎండాకాలం నర్సింగరావు దుకాణంలోనూ నాలుగు రోజులు బస్తాలు మోశాడు. ఒకనాడు అలుపు తీర్చుకోవడానికి సేటు కుర్చీలో కూర్చున్నాడు. సేటు అతన్ని రెక్క పట్టి బజారులోకి నెట్టాడు.

నర్సింగరావు భార్య చెవి దగ్గరికి వంగాడు. "సుగుణా, ఇంకో సామిని పిలువరాదు?"

"పీట మీద కూసున్నంక ఎట్ల లేపుతం? పిలిచింది మీరే గద!"

"నడుము నొస్తున్నది," అని ఆయన సభకు ప్రకటించాడు.

ఎన్నికల్లో పోటీదారు పెంటయ్య ముందు వరుసలోనే ఉన్నాడు. "ఫ్లెక్సీల మంచిగనే ఉండె గద నడుము! ఏమాయె సామి?"

వర్తకులు కండువాల చాటున నవ్వారు.

"ఏం కాదు సామి, జర మెల్లగ వంగుండ్రి," అన్నాడు జైసింగ్.

ఆయన వంగాడు. ఒక సామ్రాజ్యం కూలే తీరున, విడతలు విడతలుగా: ముందు మోకాళ్లు, పిమ్మట బొజ్జ, చాలాసేపటికి నుదురు. బండల మీద బోర్లా పడుకుని, పైనున్న ముఖంలోని విజయగర్వాన్ని ఊహించుకున్నాడు. జైసింగ్ ఆ కుర్చీ సంగతి అందరి ముందూ ఎత్తితే అధ్యక్ష పదవి అక్కడికక్కడే హారతి కర్పూరమవుతుంది. ఇంతకాలం ఈ ఘడియ కోసమే కాచుకుని ఉంటాడు!

లేచాక ఇక తాళలేక, గురుస్వామి చెవిలో గొణిగాడు: "నిరుటి ముచ్చట మనసుల పెట్టుకోకు సామి."

"ఏ ముచ్చట?"

"గదే... నా దుకాణంల. కుర్చీ."

జైసింగ్ ఆయన ముఖంలోకి కాసేపు శ్రద్ధగా చూశాడు. అక్షతలు చేతిలోకి తీసుకుంటూ, అందరికీ వినబడే గొంతుతోనే అడిగాడు:

"మీది ఏ దుకాణం సామి? యాదికొస్తలేదు. గీ బజార్ల నన్ను కుర్చీల నుంచి శానమంది లేపిన్రు."