దూలగొండి గింజ

నూగు.

దడి పొడుగునా, ఎండలో బంగారంలా మెరిసే నూగు.

దూరం నుంచి చూస్తే ముద్దొస్తుంది. ముట్టుకోబుద్ధి వేస్తుంది. ఒకసారి ముట్టుకున్నవాడు జన్మలో మళ్లీ ముట్టుకోడు.

దూలగొండి.

కాయ వేలెడంత. ఒక కొన అటు, ఒక కొన ఇటు వంపు తిరిగి ఉంటుంది. ఒళ్లంతా కంటికి ఆనని ముళ్లు. గాలి వీస్తే చాలు, లేచి వస్తాయి. మెడ మీద వాలతాయి. మోచేతి మడతలో, కనురెప్ప కింద దూరతాయి. గోకితే ఇంకా లోపలికి పోతాయి. నీళ్లు పోస్తే మంట రెట్టింపు. పేడ పట్టించి, ఆరనిచ్చి, పెచ్చులుగా ఊడదీస్తే తప్ప వదలవు.

రెడ్డిగూడెం దారిలో, ఆ మామిడితోట చుట్టూ, ఈ తీగను పెట్టింది పుష్పవతి.

తన చేతులతో. బెత్తెడుకొక గింజ. గింజ మీద పిడికెడు మట్టి.

తలుచుకుంటే ఆమెకు ఒళ్లు మండుతుంది. నూగు తగలకుండానే మండుతుంది.

ఆ తోటకొక కట్టుబాటు ఉండేది. చెయ్యి కోసిన కాయ తోటగలాయనది. గాలి రాల్చిన కాయ పాలెం ఆడవాళ్లది. కాగితం మీద ఎవరూ రాయలేదు. తాతల నాటి నుంచీ అంతే.

ఫాల్గుణంలో పిందెలు, చైత్రంలో పచ్చికాయలు — పడమటి గాలి ఒక్క విసురు విసిరితే చాలు, ఆడవాళ్లంతా గంపలెత్తుకుని తోటలోకి పరుగు. ముక్కలు కోసి, ఉప్పు చల్లి, ఎండబెట్టి, ఒరుగులు కుండలకెత్తుకునేవాళ్లు. వానాకాలం కూలి దొరకని రోజున, కంట్రోలు బియ్యం కూడా నిండుకున్న రోజున, గంజిలోకి ఆ ఒరుగు ముక్కే కూర. ఆ ముక్కతోనే పిల్లలు పెరిగారు.

పోయినేడు తోట గుత్తకు పోయింది.

గుత్తదారు హనుమయ్య మెత్తటి మనిషి. గట్టిగా అరవడు, తిట్టడు. రాలుగాయలు ఏరొద్దని ఒక్కనాడూ అనలేదు. అంటే పాలెం ఊరుకోదని ఆయనకు తెలుసు.

తొలకరి పడగానే పుష్పవతిని పిలిచి చాటెడు గింజలు పోశాడు. చిక్కుడు గింజలన్నాడు. దడి వెంట పెట్టమన్నాడు. కాయలు మీరే కోసుకు తినండి అన్నాడు... ఎంత మెత్తగా అన్నాడు!

గింజలు చూసింది పుష్పవతి. నల్లగా ఉన్నాయి. నున్నగా ఉన్నాయి. పక్కన తెల్లటి కన్ను. నీళ్లలో వేస్తే అన్నీ మునిగాయి, ఒక్క తాలుగింజ తేలలేదు. పాలెమంతా తినే కాయ తన చేతి మీదుగా మొలుస్తుందని మురిసిపోయింది వెర్రిది.

దూలగొండి తెలియని కూలిమనిషి ఉంటుందా అని ఎవరైనా నవ్వొచ్చు. నవ్వనీ. కాయ తెలుసు. చంటిపిల్లకు కూడా కాయ తెలుసు. కనపడగానే నాలుగు బారలు పక్కకు జరిగి నడుస్తారు. మరి గింజ? ఆ కాయ ఒలిచి, లోపలేముందో చూసినవాళ్లు పాలెంలో ఎవరున్నారు? చూసి పారిపోయే కాయకు గింజ ఎలా ఉంటే ఎవరికి కావాలి?

హనుమయ్యకు కావలసి వచ్చింది. మనుషుల చేత ఏరించి, ఒలిపించి, శుభ్రంగా కడిగించి చాటలో పోశాడు.

మొలిచింది. మూడేసి ఆకులు. పాకింది, దడి కర్రను చుట్టుకుంది. చిక్కుడనుకుంది పుష్పవతి.

కార్తీకంలో పూసింది. చిక్కుడు పువ్వు కాడ మీద నిక్కి నిలబడుతుంది. ఇది గుత్తులు గుత్తులుగా, ఊదారంగులో, తలకిందులుగా వేలాడింది. అప్పుడు అనుమానం వచ్చింది ఆమెకు. పరుగున పోయి హనుమయ్యను అడిగింది. మన్యం చిక్కుడు అలాగే పూస్తుందన్నాడు. నమ్మింది. రెండోసారి కూడా నమ్మింది.

పుష్యంలో కాయ దిగింది. కాయ మీద నూగు.

అప్పటికి దడి మొత్తం తీగే. ఎవరు చెయ్యి పెడతారు?

ఫాల్గుణంలో మొదటి విసురు వచ్చింది. టపటపా పిందెలు రాలిన చప్పుడుకి గంపలు లేచాయి. అందరికన్నా ముందు మగ్దలేనమ్మ — పుష్పవతి అత్తగారు — అరవై ఏళ్ల మనిషి, ఆ చప్పుడు వింటే పదహారేళ్ల పిల్ల. వద్దత్తా అని పుష్పవతి వెనకాల అరుస్తూనే ఉంది. గాలిలో ఎవరికి వినపడుతుంది!

గాలి పడమటిది. పడమటి పక్క దడి మీది నూగంతా లేచి వాళ్ల మీద వాలింది.

ఆడవాళ్లు గంపలు పారేశారు. మెడలు గోక్కున్నారు, చేతులు గోక్కున్నారు, నేల మీద పడి దొర్లారు. ఒంటికి పేడ పూశారు. కంటికి పేడ ఎలా పూస్తారు? మగ్దలేనమ్మ కళ్లలో ఒక బాలింతరాలు పాలు పిండింది. కుడికన్ను తేరుకుంది. ఎడమకన్ను మీద పొర కమ్మింది.

ఆ ఏడు ఏ ఇంట్లోనూ ఒరుగులు ఎండలేదు. చెట్ల కింద కాయలు కుళ్లిపోయాయి. ఈగలు తిన్నాయి.

విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అంది పాలెం. తెలిసే పెట్టిందంది. గుత్తదారు దగ్గర ఏదో ముట్టిందంది. బావి దగ్గరికి పుష్పవతి వస్తే బిందెలు పక్కకు జరిగాయి. ఈస్టరు ముందరి తపస్సుకాలం శుక్రవారాల్లో, గుడిలో సిలువమార్గం ప్రార్థన నడిచేటప్పుడు, ఆమె పక్కన ఎవరూ నిలబడలేదు. మగ్దలేనమ్మ కోడలి చేతి కూడు మానేసింది. తన గంజి తనే కాచుకుంది, ఒంటికన్నుతో పొయ్యి ఊదుకుంటూ. మొగుడు చిన్నరాయప్ప అటు తల్లినీ అనలేక, ఇటు పెళ్లాన్నీ అడగలేక చుట్ట కాల్చుకుంటూ కూర్చున్నాడు.

కోపం.

హనుమయ్య మీద కోపం. మెత్తటి మాటకు మెత్తబడే తన బుద్ధి మీద కోపం. ఒక్క మాట అడక్కుండా తీర్పు చెప్పేసిన పాలెం మీద అన్నిటికన్నా కోపం. నిద్ర లేస్తే కోపం, కలుపు తీస్తుంటే కోపం, ప్రార్థనలో మోకరిస్తే కోపం.

ఒరుగులు పోతే పోయాయి. ఆమెకు ఒక్కటే కావాలి. ఆ మనిషి తన నోటితో, పాలెమంతా వింటుండగా, ఏ గింజలిచ్చాడో చెప్పాలి.

ఈస్టరు ముందు వారం బంగినపల్లి కోతకు వచ్చింది. మగాళ్లు కాయ కోసే వలగెడలు పట్టుకుని గేటు దాకా వచ్చి ఆగిపోయారు. దడి పక్క చెట్లు ఎక్కేది లేదన్నారు. నూగు తగిలి, బండికి కట్టిన ఎద్దులు ఒళ్లు రుద్దుకుని కాడి విరగ్గొట్టాయి. హనుమయ్య తాను తీసిన గోతిలో తానే పడ్డాడు. పుష్పవతికి కబురు పంపాడు.

వచ్చింది. గేటు ముందు పాలెమంతా ఉంది. మగ్దలేనమ్మ ఉంది.

తీగ పీకెయ్యమన్నాడు హనుమయ్య. పెట్టిన చేతికే పీకడం తెలుస్తుందన్నాడు. పీకితే ఈ ఏడు నుంచి రాలుగాయలు ఆమె ఒక్కదానివేనని కూడా అన్నాడు. మెత్తగా.

"నాకిచ్చిందేం గింజలో చెప్పండి. చెబితే పీకుతా," అంది పుష్పవతి.

"చిక్కుడు గింజలిచ్చాను. నువ్వేం పెట్టావో నాకేం తెలుసు?"

ఆడవాళ్లంతా ఆమె వైపు చూశారు. బావి దగ్గర చూసిన చూపే.

పుష్పవతి వెనక్కి తిరిగింది. దడి దగ్గరికి నడిచింది. చేతికి గుడ్డ చుట్టుకోలేదు. ఒక గుత్తి పట్టుకుంది... గుప్పిట నిండా పట్టుకుంది. ఎవరో వద్దన్నారు. తెంపింది.

గేటు దగ్గరికి తెచ్చి, అందరూ చూస్తుండగా, కాయ ఒలిచింది.

పెళుసుగా విరిగింది కాయ. నూగు గోళ్ల కిందికి దిగింది. వేళ్ల సందుల్లోకి, మణికట్టు మీదికి పాకింది. చెయ్యి నిప్పుల్లో పెట్టినట్టుంది. కళ్ల వెంట నీళ్లు కారాయి. గోకలేదు. డొల్ల పారేసి, అరచెయ్యి చాచి, అత్త ముందు పట్టింది.

ఐదు గింజలు.

నల్లగా. నున్నగా. పక్కన తెల్లటి కన్ను.

మగ్దలేనమ్మ వంగింది. చూపున్న కన్ను దగ్గరగా పెట్టింది. చాలాసేపు చూసింది. ఆమె వెనక ఒకరి భుజం మీదుగా ఒకరు, పాలెం ఆడవాళ్లు మొదటిసారి ఆ గింజను చూశారు.

"చిక్కుడు గింజే కదే," అంది మగ్దలేనమ్మ. "నేనైనా ఏసేదాన్నే."

ఎవరో పేడ తెచ్చారు. పుష్పవతి చెయ్యి ఇవ్వలేదు. చెయ్యి అప్పుడే ఎర్రగా ఉబ్బుతోంది. ఆ చేతినే తిప్పి హనుమయ్య ముఖం ముందు పట్టింది.

"ఇప్పుడు చెప్పండి. ఏం గింజలివి?"

హనుమయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. మగ్దలేనమ్మ ఆమె పక్కకు వచ్చి నిలబడింది. వెనక ఆడవాళ్లు కదిలారు.

పడమటి గాలి లేచింది. తోటలో ఎక్కడో కాయ రాలిన చప్పుడు. ఎవరూ అటు చూడలేదు. దడి మీద నూగు ఎండలో మెరుస్తోంది... మెరుస్తూ కదులుతోంది... హనుమయ్య ఇంకా నోరు తెరవలేదు.